నాయిన ఇనుప కుప్ప, ఐదు కాలిన మోటర్లు, ఒక ఆటో

అందరికీ నమస్తే, ఎట్లున్నరు. డల్లాస్ నుంచి వచ్చి ఇయ్యాలకు పదకొండు రోజులు, జెట్ లాగ్ పోయిందనుకున్న గని పొద్దుగాల నాలుగింటికే మెలకువ అయింది, లేచి బయటికొస్తే నాయిన అప్పటికే టార్చ్ లైట్ పట్టుకొని కొట్టం దగ్గర నిలవడ్డడు. ఏంది నాయినా అంటే "పాత ఇనుపోళ్ల ఆటో వస్తదట బిడ్డా, ఇయ్యాల ఇదంత తీసేద్దాం" అన్నడు. మా అమ్మ ఈ మాట కోసం ఇరవై ఏండ్ల నుంచి ఎదురుచూస్తున్నది, లోపలినుంచి విని "మాట మారకముందే వీడియో తియ్యవే" అని అరిచింది. అందుకే ఈ వ్లాగ్.

మాది నాంపల్లి మండలం, హైదరాబాద్ నాంపల్లి కాదు, నల్గొండ జిల్లా నాంపల్లి. డల్లాస్‌ల ఎవరికి చెప్పినా రైల్వే స్టేషన్ దగ్గరనా అని అడుగుతరు, ఇగ చెప్పి చెప్పి దేవరకొండ దగ్గర అని చెప్పుడు మొదలువెట్టిన. చుట్టూ బత్తాయి తోటలు, పక్కనే మర్రిగూడ, ఫ్లోరైడ్ నీళ్ల గురించి టీవీలల్ల చూసే ఉంటరు ఆ మర్రిగూడనే. ఇప్పుడైతే తాగే నీళ్లు మిషన్ భగీరథ నల్లాల వస్తున్నయ్, తోటకు మాత్రం ఇప్పటికీ బోరే దిక్కు.

కెమెరా ఇట్ల తిప్పుతున్న చూడండి, ఇదీ కుప్ప. జీఐ పైపులు, రెండు సైకిల్ రిమ్ములు, తుప్పు పట్టిన కూలర్ డబ్బా, గుంటక పాసలు, నాగలి కర్రు, మూతల్లేని కుక్కర్లు, రెండు సీలింగ్ ఫ్యాన్లు, స్టార్టర్ డబ్బాలు, కింద వరుసగ పండుకున్నట్టు ఐదు సబ్‌మెర్సిబుల్ మోటర్లు. కొత్తోళ్లకు ఇది చెత్త లెక్క కనిపిస్తది గని నాయినను అడిగితే ఒక్కో మోటరుకు ఒక్కో కథ చెప్తడు. మొదటిది లో వోల్టేజీల కాలింది. అప్పుడు కరెంటు రాత్రి పూట గంటలు లెక్కవెట్టి ఇస్తుండె, అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు, కరెంటు రాంగనే ఊర్ల మోటర్లన్నీ ఒక్కసారే గుంజేటియి, వోల్టేజ్ ధబేల్మని పడేది, వైండింగ్ (మోటర్ లోపల చుట్టిన తీగ) కాలేది. రెండోది ఇసుక పట్టి జామ్ అయింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అయింది, ఇగ మోటర్లు కాలవు అనుకున్నరు, ఈసారి నీళ్లే కిందికి పోయినయ్, నీళ్లు లేక ఉత్తగ తిరిగి మూడోది కాలింది. మిగిలిన రెంటి గురించి అడిగితే నాయిన మాట్లాడలే, అమ్మ దిక్కు చూసిండు. ఆ రెండు బోర్లు అమ్మ వద్దన్నంక వేసినయట.

సరే పనిల పడదాం. అమ్మేటప్పుడు అన్నీ కలిపి ఇస్తే ఏమైతదంటే ఇనుపోడు మొత్తం ఇనుము రేటే కడతడు, ఆ ఇనుములనే రాగి పోతది, ఇత్తడి పోతది. రేట్లు రోజుకో తీరు ఉంటయ్ కాబట్టి నేను నంబర్ చెప్పను గని ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఇరవై కిలోల ఇనుముకు వచ్చే పైసల కన్న కిలో రాగికి ఎక్కువొస్తయ్. అందుకని పొద్దున్నే కూసొని వేరు చేసుడే మంచిది.

మొదటి పని అయస్కాంతం. పాత స్పీకర్ పగలగొట్టి తీసిన, సుతిలి తాడు కట్టి మా కొడుకుకు ఇచ్చిన. వానికి ఎనిమిదేండ్లు, ఇండియా వచ్చినకాన్నుంచి బోర్ బోర్ అంటుండె (ఆ బోర్ వేరు, తాత బోర్ వేరు), ఇది చేతికొచ్చినంక అన్నానికి కూడ లేస్తలేడు. అంటుకుంటే ఇనుము దిక్కు, అంటకపోతే చాప మీద. అయితే గంటకు చాప మీద పెద్ద స్టీల్ గొట్టం ఒకటి కనిపించింది, అది మోటర్ పై షెల్, స్టెయిన్‌లెస్ స్టీల్. నికెల్ కలిసిన మంచి స్టీల్‌కు అయస్కాంతం అంటదు, అందుకే వాడు వెండి అనుకున్నడు. స్టీల్‌ను ఇనుముల వెయ్యొద్దు, దాని రేటు వేరే. కానీ అన్ని స్టీల్ గిన్నెలు అట్ల ఉండవు, కొన్ని తక్కువ రకంవి అంటుకుంటయ్ కూడ.

ఇనుములనే మళ్ల రెండు రకాలు. పైపులు, రేకులు, రాడ్లు ఒకటి, బీడు ఒకటి. బీడు అంటే పోత పోసిన ఇనుము, పాత పంపు బాడీలు, గిర్నీ చక్రాలు, కుట్టు మిషన్ కాళ్లు గట్లాంటియి. తెలుసుకునుడు ఎట్ల అంటే నాయిన సుత్తెతోని ఒక్కటి పీకిండు, పైపైతే సొట్ట పడ్డది, బీడైతే గాజు పలిగినట్టు పలిగింది, పలిగిన కాడ బూడిద రంగు, గరుకు గరుకుగ. ఈ ఇనుమంత ఎటు పోతదని మా వాడు అడిగిండు. ఊర్ల ఆటో నుంచి కొండమల్లేపల్లి దుకాణానికి, ఆడినుంచి లారీల మీద షాద్‌నగర్, కొత్తూరు దిక్కు ఫర్నేసులకు. ఆడ కరగబెట్టి మళ్ల ఇంటి స్లాబుల వేసే సలాకలు చేస్తరు. అంటే మా గుంటక ఎవరింటి పిల్లరుల పడ్తదో.

ఇగ సిల్వర్. మన దగ్గర సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియమే, వెండి అనుకోకండి. కుక్కర్లకు పిడి ఊడగొట్టాలె, రబ్బరు తియ్యాలె, ఇనుప స్క్రూలు మొత్తం పీకాలె, ఒక్క స్క్రూ ఉన్నా "కల్తీ సామాను" అని రేటు తగ్గిస్తరు. మూడు కుక్కర్లకే నా గోర్లు పోయినయ్. కానీ పాత అల్యూమినియం కరగబెట్టి వాడితే, మట్టి నుంచి కొత్తది తీసే కరెంటుల 95 శాతం దాక మిగుల్తది, మా ఆయన ఎప్పుడూ చెప్తుంటడు, అందుకని కష్టపడ్డ.

సీలింగ్ ఫ్యాన్ల దగ్గర మాత్రం మోసపోయినం. ఒకటి విప్పితే లోపల తీగ ఎర్రగ, బంగారం లెక్క మెరుస్తున్నది, రాగి దొరికిందని నేను గెంతులు వేసిన. పక్కింటి తమ్ముడు మోటర్ వైండింగ్ మెకానిక్, చూసి నవ్విండు. "అక్కా జర ఆగు" అని బ్లేడుతోని తీగను గీకిండు, పైన ఎరుపు పోయి లోపల తెల్లగ, తళతళ. అది అల్యూమినియం తీగ, పైన ఉన్నది ఇన్సులేషన్ వార్నిష్, రంగు రాగి లెక్క ఉంటది అంతే. రెండో ఫ్యాన్ అమ్మ పెండ్లప్పటిది, దాన్ని గీకితే లోపల కూడ ఎర్రనే. చేతుల పట్టి ఊపినా తెలుస్తది, రాగి అల్యూమినియం కన్న మూడింతల బరువు. పాతోళ్లు రాగితోని చేసిన్రు, కొత్త చీప్ ఫ్యాన్లు ఇట్లున్నయ్. ఇంకో మాట, ఫ్యాన్ విప్పేటప్పుడు, స్టార్టర్ విప్పేటప్పుడు ఆ కండెన్సర్ ఉంటది కదా, కరెంటు లేకపోయినా షాక్ కొడ్తది, పిల్లలను ముట్టనియ్యకండి, మెకానిక్‌తోనే తీయించుకోండి.

అసలు పని మోటర్లది. తమ్ముడే విప్పిండు, రెండు గంటలు పట్టింది. పైన నట్లు లూజ్ చేసి రోటర్ (లోపల తిరిగే ముక్క) గుంజిండు, లోపల స్టేటర్ (తిరగకుండ ఉండే ముక్క) గాడిల రాగి తీగ కుప్పగ కూరి ఉంది, తీగ మీద తెల్ల ప్లాస్టిక్ పూత, ఎందుకంటే ఈ మోటర్ నీళ్లతోనే నింపి ఉంటది కదా, అందుకు ఆ పూత. కాలిన కాడ నల్లగ ముద్ద అయింది, వాసన ఇప్పటికీ పోలే. ఒక దిక్కు బయటికొచ్చిన తీగను ఉలితోని గాడి మొదట్ల కోసేసిండు, ఇంకో దిక్కు నుంచి రాడ్ పెట్టి గుంజితే కట్టలు కట్టలుగ వచ్చింది, చేప లోపలి పేగులు గుంజినట్టు (సారీ, మీరు తింటూ చూస్తున్నరేమో). ఆఖరుకు రోటర్ చూపెట్టి చెవిల చెప్పిండు, "అక్కా దీంట్ల కూడ రాగి కడ్డీలున్నయ్, రెండు దిక్కుల రాగి రింగులు, ఇనుపోడికి తెలుసు, మీకు తెల్వదనుకుంటడు, చెప్పకుండ ఇనుముల వేస్తడు, ఇయ్యకండి". ఇది నాకు మస్తు పనికొచ్చిన ముచ్చట.

తీగ మీద ప్లాస్టిక్ ఉంటే రేటు రాదు కదా, జీతగాడు పిలగాడు అగ్గిపెట్టె తెచ్చిండు. నేను వద్దన్న. ఆ ప్లాస్టిక్ కాలితే పొగ విషం, ఊపిరితిత్తులు పాడయ్యే పొగ, పక్కన బత్తాయి పూతల ఉంది, పక్కన పిల్లలున్నరు. పైగా కాల్చిన రాగి నల్లగ అయితది, మెరిసే రాగి కన్న తక్కువకే కొంటడు, అంటే పొగ మింగి పైసలు కూడ పోగొట్టుకున్నట్టు. కేబులైతే సులువు, మోటర్ కేబుల్ చదునుగ ఉంటది, ఒక కొస యాపచెట్టు మేకుకు చుట్టి బిర్రుగ గుంజి, బ్లేడ్‌తోని పొడుగునా చీరితే అరటి తొక్క తీసినట్టు వస్తది. నాయిన కత్తి పట్టిండు, నేను గుంజిన. అన్నట్టు మా మంచి కేబుల్ కాదు ఇది, పోయినేడు రాత్రికి రాత్రి ఎవరో బోరు కాడ అరవై అడుగుల కేబుల్ కోసుకపోయిన్రు, రాగి కోసమే, మిగిలిన ముక్క ఇదే.

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌ల మా ఇంటి పాత ఏసీ రాగి గొట్టాలు మేం యార్డుకు తీస్కపోయినం ఒకసారి, ఆడ డ్రైవింగ్ లైసెన్స్ స్కాన్ చేసినంకనే తూకం వేసిన్రు, దొంగ రాగి అమ్మకుండ టెక్సస్‌ల ఆ చట్టం ఉంది. లెక్క పౌండ్లల్ల. ఇంకో తమాషా ఏందంటే అమెరికా స్క్రాపోళ్లు గ్రేడ్లకు కోడ్ పేర్లు పెట్టుకున్నరు, మెరిసే రాగి తీగకు బార్లీ, దాని కిందిదానికి బెర్రీ, ఇంకా తక్కువదానికి బర్చ్, పసుపు ఇత్తడికి హనీ, అంటే తేనె. నాయినకు చెప్తే "ఇత్తడికి తేనె ఏంది, వాళ్లకు పనిలేదా" అన్నడు.

పాత ట్రాక్టర్ బ్యాటరీ, గ్యాస్ సిలిండర్ కుప్పల ఉంటే పక్కకు పెట్టించిన. బ్యాటరీల యాసిడ్, సీసం ఉంటయ్, కొత్తది కొనేటప్పుడు దుకాణంల ఎక్స్‌చేంజ్‌కు ఇస్తే రేటు కూడ తగ్గిస్తరు. సిలిండర్ మనది కాదు, కంపెనీది, ఏజెన్సీకే వాపస్ ఇయ్యాలె.

అమ్మ లోపలినుంచి ఇత్తడి కాగు తెచ్చి పెట్టింది, అడుగు ఓటు పడ్డది. దాని పక్కనే కంచు తలె పెట్టి, పెట్టంగనే మళ్ల తీస్కపోయింది. ఎందుకు అంటే "దాని మోత వేరు" అన్నది. నిజమే, కంచుల తగరం కలుస్తది, ఇత్తడిల జింక్ కలుస్తది, కంచును వేలితోని కొడితే గుడి గంట లెక్క సాగుతది, ఇత్తడి ఠప్పున ఆగుతది. కాగు మాత్రం పోయింది.

పదకొండున్నరకు ఆటో వచ్చింది, మైక్‌ల "పాత ఇనుప సామాన్లు, పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు కొంటాం" అని రికార్డింగ్. మా చిన్నప్పుడు ఇనుప ముక్క ఇస్తే ఐస్‌ఫ్రూట్ ఇచ్చేటోళ్లు, ఉల్లిగడ్డలు ఇచ్చేటోళ్లు, నేను ఒకసారి మంచి తాళం ఇచ్చి ఐస్‌ఫ్రూట్ తిని దెబ్బలు తిన్న. ఆటో పిలగాడు అన్నీ వేరు చేసి ఉండుడు చూసి ముఖం చిన్నగ చేసుకున్నడు. "కాకా, మట్టి ఉంది, తుప్పు ఉంది, కిలోకు ఇంత తరుగు తీస్త" అన్నడు. నాయినకు కోపమొచ్చింది, "బత్తాయికి సూటు అని తూకంల కోత తీసేది మీరే, ఇనుముకు మట్టి తీసేది మీరే, రైతు నోట్లె మన్ను కొట్టుడు తప్ప వేరే తూకం లేదారా" అన్నడు. కాంటా ముందుగల సున్నా చూపియ్యమన్న, తర్వాత మా ఇంటి రెండు కిలోల బాటు పెట్టి చూసినం. కాంటా కరెక్టే ఉన్నది, పాపం, నాయిన కొంచెం చల్లవడ్డడు.

ఇనుము, బీడు కలిపి రెండు క్వింటాళ్లు దాటింది, రాగి పదకొండు కిలోల ఆరువందలు. రోటర్ల దగ్గర నేను ఆపిన, "ఇవి ఇనుముల వెయ్యొద్దు తమ్మీ, లోపల రాగి కడ్డీలున్నయ్" అంటే నన్ను, నా చేతిల కెమెరాను చూసి "అమెరికాల ఇదే పని చేస్తరా అక్కా" అన్నడు. ఇనుము రేటు కన్న ఎంతో కొంత ఎక్కువకు దిగిండు, కోసే ఖర్చు ఉంటది కదా అన్నడు, అది నిజమే.

పైసలు నాయిన రెండు సార్లు లెక్కవెట్టుకొని జేబుల పెట్టుకున్నడు. అమ్మ కొట్టం ఊడ్వనీకి చీపురు తెచ్చింది. అంతల నాయిన ఆటో ఎనుకకు పోయి లోపలికి తొంగి చూస్తున్నడు, పొద్దుగాల ఎవరో అమ్మిన స్టార్టర్ డబ్బా ఒకటి, మూత గిట్ట మంచిగనే ఉంది, చేతిల పట్టుకొని "దీనికెంత తమ్మీ" అని అడుగుతున్నడు. అమ్మ చీపురు కింద పడేసి లోపలికి పోయింది. కెమెరా బంద్ చెయ్యమన్నది, కాబట్టి ఇక్కడికే.