మెత్తని బ్రెడ్ నుజ్జవకుండా కోయడం ఎలా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. బెంగళూరు తెలుగు శ్రోతల వంటింటి ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఇంట్లో చేసుకున్న బ్రెడ్‌ని తీరుగా కోయడం గురించి ఈవేళ బేకింగ్ నేర్పే మేడమ్ చెబుతారు. మొదటి కాల్ మల్లేశ్వరం నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. బ్రెడ్ బాగానే పొంగుతుందండీ, కోసేసరికి నుజ్జయిపోతోంది.

నిపుణురాలు: ఓవెన్‌లోంచి తీశాక ఎంతసేపటికి కోస్తున్నారు?

కాలర్: ఓ ఇరవై నిమిషాలకి. పిల్లలు ఆగరు.

నిపుణురాలు: అదేనమ్మా తేడా. అప్పటికి లోపలంతా ఆవిరే. పిండి ఉడికింది గానీ గట్టిపడలేదు. కత్తి పెడితే జిగురుగా అంటుకుని లాగేస్తుంది. టిన్నులోంచి పది నిమిషాల్లోపే తీసి జాలీ స్టాండు మీద పెట్టండి, లేకపోతే అడుగు చెమ్మగిల్లుతుంది. 400 గ్రాముల మైదాతో చేసిన లోఫ్‌కి, అంటే కోయని పూర్తి బ్రెడ్‌కి, చల్లారడానికి రెండు గంటలు తప్పదు. అడుగున అరచెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా తగలకూడదు. పిల్లల కోసం అదే పిండిలోంచి 50 గ్రాముల బన్లు రెండు చేయండి, అవి అరగంటలో తినొచ్చు. లోఫ్ జోలికి మాత్రం వెళ్ళకండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. మారతహళ్లి నుంచి ఎవరో ఉన్నారు.

కాలర్: నమస్కారం మేడమ్. నాది మిల్క్ బ్రెడ్. పాలు, వెన్న, ఒక గుడ్డు. రాత్రి చేసి పొద్దున కోశాను, బాగా చల్లారింది కూడా. కత్తి కొత్తది, ఉల్లిపాయ కాగితంలా తెగుతుంది. బ్రెడ్ మీద పెడితే దిగదు, గుంట పడుతుంది. మా ఆవిడేమో కత్తి వేడి చెయ్యమంటుంది, ఇంకొకరు దారంతో కోయమన్నారు...

నిపుణురాలు: కత్తికి పళ్ళున్నాయా?

కాలర్: లేవండీ. నున్నగా ఉంటుంది. టమాటాల కత్తికైతే ఉన్నాయి, చిన్నది, 5 అంగుళాలు.

నిపుణురాలు: నున్నటి కత్తి పైపొర మీద జారుతుంది, మీరేమో నొక్కుతారు, కింద మెత్తటి భాగం అణిగిపోతుంది. పళ్ళయితే పొరని పట్టుకుని తెంపుతాయి. 5 అంగుళాలు చాలదు. లోఫే 4 అంగుళాల వెడల్పుంటుంది, ఇక కత్తి ఆడేదెక్కడ? 8 నుంచి 10 అంగుళాల బ్రెడ్ కత్తి కొనండి.

కాలర్: కొంటానండీ. మరి వేడి చెయ్యాలా?

నిపుణురాలు: వద్దండీ, అది క్రీము కేకుకి. లోఫ్‌ని పక్కకి పడుకోబెట్టండి. పైన ఉబ్బు మెత్తన, పక్కలు చదునుగా, కాస్త గట్టిగా ఉంటాయి. ఎడమచేత్తో ఊరికే ఆనించి పట్టుకోండి, వేళ్ళు దిగబడకూడదు. కత్తి బరువు కత్తిదే, మీ బరువు వెయ్యకండి. మొదటి నాలుగైదు లాగుళ్ళు పొడుగ్గా, కత్తి పిడి దగ్గర నుంచి మొన దాకా. పొర తెగాక చప్పుడు మారుతుంది, గరగర పోయి మెత్తగా వినిపిస్తుంది. అక్కడి నుంచి ఇంకా నిదానించండి. లాగాలి, నొక్కకూడదు.

కాలర్: నొక్కకపోతే అడుగు దాకా ఎలా దిగుతుంది మేడమ్?

నిపుణురాలు: లాగితే దిగుతుంది బాబూ! రంపంతో కర్ర కోసేవాళ్ళు నొక్కుతారా? మీది వెన్న వేసిన బ్రెడ్ కాబట్టి ఇంకోటి చెబుతాను. కవర్లో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, వెన్న బిగుస్తుంది, ముక్క నిలబడుతుంది. రోజుల తరబడి మాత్రం ఫ్రిజ్‌లో ఉంచొద్దు, బయట ఉన్నదానికంటే తొందరగా బిరుసెక్కుతుంది. కోసిన ముక్కలు మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టండి.

కాలర్: ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా వస్తున్నాయండీ...

నిపుణురాలు: మీ వైపు అంచునే చూస్తూ కోస్తున్నారు. అవతలి అంచు కూడా చూడాలి. స్కేలు పెట్టి 12 మిల్లీమీటర్లకొక గాటు పొర మీద ముందే పెట్టుకోండి, రెండు అంచుల మీదా.

యాంకర్: సార్, లైన్లోనే ఉండండి. వైట్‌ఫీల్డ్.

కాలర్: మేడమ్, గోధుమపిండి బ్రెడ్ పొడిపొడిగా రాలిపోతోంది.

నిపుణురాలు: నీళ్ళెంత పోస్తున్నారు?

కాలర్: అరకిలోకి 300...

నిపుణురాలు: చాలవు. 360 నుంచి మొదలుపెట్టండి, పిండిని బట్టి 375 దాకా. తడిపి అరగంట వదిలేశాకే పిసకండి, తవుడు నీళ్ళు పీల్చుకోవాలి. మరీ ఎక్కువ పొంగనిచ్చినా... హలో?

యాంకర్: లైన్ కట్టయింది. జయనగర్ నుంచి.

కాలర్: మూడు గంటలు చల్లార్చినా కత్తికి జిగురు అంటుతోందండీ.

నిపుణురాలు: అయితే లోపల కాలలేదు. థర్మామీటరు మధ్యలోకి గుచ్చి చూడండి. వెన్న, పాలు వేసినదైతే 90 డిగ్రీలు, వట్టి మైదా నీళ్ళదైతే 94, 95. అంతకంటే పైకి పోతుందేమోనని చూస్తూ కూర్చోకండి. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. పైన రంగు తొందరగా వచ్చేస్తుంటే అల్యూమినియం కాగితం కప్పి ఇంకో పది నిమిషాలు ఉంచండి.

యాంకర్: థాంక్యూ అండీ. మారతహళ్లి సార్ ఇంకా ఉన్నారు, ఒక్కమాట అంటున్నారు.

కాలర్: అడుగు పొర దగ్గర చిరుగుతోంది మేడమ్, అది అడగటం మరిచాను.

నిపుణురాలు: అక్కడ తొందరపడి కత్తిని కిందకి తోసేస్తారు, అందరూ చేసేదే. చివరి రెండు లాగుళ్ళూ నిదానంగా, కత్తి చెక్కకి పూర్తిగా ఆనేదాకా. చెక్క మీదే కోయండి, గ్రానైట్ గట్టు మీద పళ్ళు అరిగిపోతాయి. ఇంకా నొక్కుతున్నారా?

కాలర్: లేదండీ, లాగుతాను.