చెట్టూ చేమా పాడ్‌కాస్ట్: హవాయి పూలదండలు, కాపా మీద గొడవ

మాధవి: నమస్కారం, చెట్టూ చేమాకి స్వాగతం. నేను మాధవి, పక్కన శ్రీను. ఇవాళ తాడు ఊసెత్తనని మాటిచ్చాడు.

శ్రీను: మాటివ్వలేదక్కా, ప్రయత్నిస్తానన్నాను.

మాధవి: ఇవాళ్టి విషయం హవాయి లేయిలు, అంటే మెడలో వేసుకునే దండలు. పూలు, ఆకులు, గింజలు, ఈకలు, వేటితోనైనా కడతారు. నాకిష్టమైనది మైలే. అది తీగ. కాడని కొద్దిగా చితక్కొట్టి లోపలి పుల్లని మెల్లగా లాగేస్తారు. ఆకులతో సహా మెత్తటి తొక్క చేతిలో మిగులుతుంది. ఆ తొక్కలదే సువాసనంతా. వాటిని మెలేసి మెడలో వేస్తే రెండు కొసలూ కట్టకుండా కిందికి వేలాడతాయి.

శ్రీను: తొక్క అన్నావు కాబట్టి చెబుతున్నా. ఓలోనా...

మాధవి: వచ్చేశావా!

శ్రీను: ఒక్క నిమిషమే. హవాయి దీవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని పొద అది. దాని నారతో చేపల వలలు, గాలం తాళ్ళు చేసేవాళ్ళు. ఆ నార గట్టితనం చూసి తెల్ల నావికులు కూడా ఎగబడ్డారు. రాజవంశం వాళ్ళు వేసుకునే ఈకల ఉత్తరీయం ఉంది కదా, అహు ఉలా? మ్యూజియంలో అందరూ ఎర్ర ఈకల్నీ పసుపు ఈకల్నీ చూసి మురిసిపోతారు. వాటిని పట్టి ఉంచేది వెనకాల కనబడని ఓలోనా వల.

మాధవి: అది మాత్రం ఒప్పుకుంటాను. సరే, పోయినసారి కాపాని, అదే చెట్టు బెరడు కొట్టి చేసే హవాయి గుడ్డని, మధ్యలో వదిలేశాం, ముందు దాన్ని ముగిద్దాం.

శ్రీను: నా మాట మారలేదు. ఇప్పుడు చేస్తున్న కాపా పాత కాపా కాదు. 1820 తర్వాత మిషనరీలు, ఓడల్లో దిగిన నూలు గుడ్డ, అన్నీ కలిసి దాన్ని చంపేశాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరికి కొట్టేవాళ్ళే దాదాపు లేరు. 1970లలో మళ్ళీ మొదలెట్టినవాళ్ళకి నేర్పడానికి గురువు లేడు. మ్యూజియం ముక్కలు చూసి ఊహించారు.

మాధవి: ఊహ అంటే ఎలా? చెట్టు దగ్గర్నుంచి రా. వౌకే, అంటే పేపర్ మల్బరీ. అది పెరిగేటప్పుడే పక్క చిగుళ్ళు గిల్లేస్తుండాలి. గిల్లకపోతే కొమ్మ వచ్చిన ప్రతిచోటా బెరడులో చిల్లు పడుతుంది. అంటే గుడ్డ పని పొలంలోనే మొదలవుతుంది. ఇది ఏ గాజుపెట్టె చూసినా తెలియదు, పెంచినవాళ్ళకే తెలుస్తుంది.

శ్రీను: తర్వాత?

మాధవి: పై బెరడు గీకేసి, లోపలి నారని నానబెట్టి, రాతి మీద గుండ్రటి సుత్తితో కొట్టి పట్టీలు చేస్తారు. ఎండబెట్టి, మళ్ళీ మెత్తగా మాగేదాకా నానబెడతారు. అప్పుడు చెక్క దిమ్మ మీద నాలుగు పలకల సుత్తితో కొడతారు, ఈఎ కూకూతో. ఆ పలకల మీద చెక్కిన గీతలు గుడ్డలోకి దిగుతాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనిపిస్తాయి. మిగతా పసిఫిక్ దీవుల్లో ఈ పద్ధతి లేదు.

శ్రీను: లేదు కాబట్టే సమోవా, టోంగా వాళ్ళని అడిగినా ఇది దొరకదు. నేనన్నదీ అదే.

మాధవి: కానీ సుత్తి మిగిలిందిరా! మా పెడనలో పాత అచ్చు ఒకటి చేతికిస్తే, దాంతో ఏ గుడ్డ అద్దారో పెద్దవాళ్ళు చెప్పేస్తారు. ఇదీ అంతే. గీతల మధ్య ఎడం కొలిచి కొత్త సుత్తి చెక్కి, కొట్టి, పాత గుడ్డ పక్కన పెట్టి చూశారు. తేడా వస్తే మళ్ళీ కొట్టారు.

శ్రీను: రాతలున్నాయి కదా మరి? 1834 నుంచి 1948 దాకా హవాయి భాషలో పత్రికలు లక్ష పేజీలకు పైగా వచ్చాయి.

మాధవి: ఉన్నాయి. 1896లో ఆ భాషని బడుల్లోంచి తీసేశారు. దాంతో తర్వాతి తరాలకి తాతలు రాసింది చదవడమే రాలేదు. నాకు నిజంగా కోపం వచ్చేది అక్కడే. చెట్లు కొండ మీద ఉన్నాయి, వాటి గురించి రాసిన కాగితాలు బీరువాలో ఉన్నాయి, చదవాల్సిన పిల్లల నోట్లోంచి మాట లాగేశారు.

శ్రీను: (కాసేపాగి) ఇంకొకటి కూడా ఉందక్కా. హవాయి భాషలో రాసిన బాగా పేరున్న రచయితలు డేవిడ్ మాలో, కమాకౌ, ఇద్దరూ మగవాళ్ళు. కాపా కొట్టింది ఆడవాళ్ళు.

మాధవి: ఇది నువ్వు ముందే చెప్పాల్సింది.

శ్రీను: చెప్పనిచ్చావా?

మాధవి: చేసిన మనిషి వేరు, రాసిన మనిషి వేరు. అందుకే రాసింది చదివి వదిలేస్తే చాలదు, కొట్టి చూడాలి. హవాయి పండితురాలు మేరీ కవెనా పుకుయి గొప్పతనం అక్కడే. హవాయిలోని కఊ ప్రాంతంలో అమ్మమ్మ దగ్గర పెరిగి, బిషప్ మ్యూజియంలో పనిచేస్తూ, పెద్దవాళ్ళ మాటల్ని టేపుల మీద రికార్డు చేసింది. 1957లో వచ్చిన హవాయి-ఇంగ్లీషు నిఘంటువులోనూ ఆమె చెయ్యి ఉంది.

శ్రీను: అవన్నీ ఒప్పుకుంటాను. అయినా తెగింది తెగిందే. అతికిన చోట ముడి కనబడాలి. కొత్తగా చేసినవాళ్ళు ఏది దొరికింది, ఏది తాము కల్పించారు అని రాసి పెట్టాలి. ఓలోనా వల కట్టేవాళ్ళు...

మాధవి: శ్రీనూ!

శ్రీను: సరే సరే. రంగులు చెప్పు.

మాధవి: పసుపుకి ఓలెనా, మన పసుపు కొమ్మే. ఎరుపుకి నోని వేరు, మన తొగరు జాతిది. నలుపుకి కుకుయి అనే చెట్టు గింజల మసి. నోని వేరు తొక్కలో సున్నం కలిస్తేనే ఎరుపు తేలుతుంది. వెదురు బద్దల మీద గుర్తులు చెక్కి, ఆ రంగుల్లో ముంచి అద్దుతారు.

శ్రీను: ఇసబెల్లా ఆబట్ పేరు ఇంకా రాలేదు.

మాధవి: ఆవిడ నాచు మనిషి కదా. సైన్స్‌లో డాక్టరేట్ తీసుకున్న మొదటి స్థానిక హవాయి మహిళ, 1950లో. తినే నాచుల గురించి చిన్నప్పుడు నేర్పింది వాళ్ళమ్మే. తర్వాత హవాయి యూనివర్సిటీలో మొక్కల వాడకం మీద పాఠాలు చెప్పింది. తల్లి నేర్పినదాన్నీ ల్యాబులో తెలిసినదాన్నీ వేరు చేయలేదు.

శ్రీను: మరి లేయిలు?

మాధవి: మైలే చెప్పాను కదా. లెహువా పూలు మిగిలాయి, అవి ఓహియా చెట్టు పూలే. ఆ చెట్లకి శిలీంధ్రపు తెగులు సోకింది కాబట్టి కోసేవాళ్ళు కత్తులూ చెప్పులూ శుభ్రం చేసుకుంటున్నారు. అది పెద్ద విషయం, వచ్చేసారి...

శ్రీను: కింద ట్యాంకర్ హారన్ కొడుతోందక్కా.

మాధవి: మోటర్ వేయాలి. ఆపేయ్, ఆపేయ్.