మబ్బుల్లో హెలికాప్టర్: ఒక్క పైలట్ చాలా, ఇద్దరుండాలా?

నమస్తే. హెలికాప్టర్ ప్రమాదం జరిగిన ప్రతిసారీ టీవీలో అడిగే మొదటి ప్రశ్న, "లోపల పైలట్ ఒక్కరేనా, ఇద్దరా?" ఇద్దరు అని తేలగానే ఆ చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఆ ఇద్దరూ ఆ క్షణాన ఏం చూస్తున్నారని అడిగేవాళ్లు తక్కువ. ఈ వీడియోలో మనం అదే అడుగుదాం.

[తెర మీద: కాక్‌పిట్, కుడి సీటు]

ముందు పైలట్ చేతులు చూడండి. కుడి చేతిలో సైక్లిక్, అంటే ఎటు ఒరగాలో చెప్పే కర్ర. ఎడమ చేతిలో కలెక్టివ్, అంటే పవర్ పెంచి తగ్గించి పైకీ కిందకీ తీసుకెళ్లే లివర్. పాదాల కింద ముక్కు తిప్పే పెడల్స్. విమానాన్ని సరిగ్గా ట్రిమ్ చేసి, అంటే బ్యాలెన్స్ కుదిర్చి వదిలితే కాసేపు దాని దారిన అది పోతుంది. ఆటోపైలట్ సాయం లేని హెలికాప్టర్ మాత్రం అరచేతిలో నిలబెట్టిన కర్ర లాంటిది. చెయ్యి ఆగిందా, పడిందే. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చాలన్నా ఎడమ చేతిని కలెక్టివ్ మీద నుంచి తీసి తిప్పుకోవాలి, కుడి చెయ్యి సైక్లిక్ వదలకూడదు.

కింద రోడ్డు, ఎదురుగా కొండ కనిపిస్తున్నంతసేపూ ఇది అలవాటైన పనే. మబ్బులోకి వెళ్లాక కిటికీ వల్ల ఉపయోగం లేదు, మీటర్లనే నమ్మాలి. పైగా మన చెవిలో ఉండే బ్యాలెన్స్ వ్యవస్థ నెమ్మదిగా మొదలైన మలుపుని పసిగట్టలేదు. హెలికాప్టర్ పక్కకి ఒరిగిపోతున్నా "నిటారుగానే ఉన్నాం" అని చెబుతుంది. సరిగ్గా అప్పుడే నేల మీద నుంచి దారి చెప్పే కంట్రోలర్ కొత్త ఎత్తు చెబుతాడు, చార్టు తియ్యాలి, ఇంధనం లెక్క చూసుకోవాలి. ఒక్కరే ఉంటే ఇవన్నీ ఆ ఒక్కరి నెత్తినే.

2020 జనవరి 26, లాస్ ఏంజిలిస్ దగ్గర కాలబాసస్. కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది చనిపోయిన ఎస్-76బి హెలికాప్టర్‌లో పైలట్ ఒక్కరే. ఆయనకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే మీటర్లు చూస్తూ నడిపే అర్హత ఉంది. కంపెనీకి మాత్రం బయట చూస్తూ నడిపే వీఎఫ్ఆర్ ప్రయాణాలకే అనుమతి. మబ్బులో చిక్కుకున్నాక, 4,000 అడుగులకి ఎక్కుతున్నానని కంట్రోలర్‌కి చెప్పారు. అప్పటికి హెలికాప్టర్ ఎడమకి తిరుగుతూ కిందకి దిగిపోతోంది. ఆయన శరీరం ఆయనకి పైకే పోతున్నామని చెప్పింది. పక్క సీట్లో ఇంకొకరుండి ఎత్తు చూపే ఆల్టీమీటర్ చూసి ఒక్క కేక వేసుంటే, అనిపిస్తుంది. కానీ అసలు తప్పటడుగు అంతకుముందే పడింది. వాతావరణం బాగా లేకపోయినా ముందుకే వెళ్లాలన్న నిర్ణయం అది. 2021 ఫిబ్రవరిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది కూడా ఇదే.

మరి ఒక్క పైలట్‌తో మబ్బుల్లో ఎగరడం నేరమా? కాదు. అమెరికాలో ప్రయాణికుల్ని ఎక్కించుకుని అలా వెళ్లాలంటే, కో-పైలట్ బదులు కనీసం మూడు యాక్సిస్‌ల్లో (ముక్కు పైకీ కిందకీ, పక్కలకి ఒరగడం, ఎడమకీ కుడికీ తిరగడం) హెలికాప్టర్‌ని నడపగల ఆటోపైలట్ ఉండాలి. దాని వాడకానికి కంపెనీ అనుమతి తెచ్చుకోవాలి. ఆ మోడల్ మీద పైలట్‌కి కెప్టెన్‌గా 100 గంటల అనుభవం ఉండాలి. అంటే చట్టం లెక్కలో ఆటోపైలట్ సిబ్బందిలో ఒకరు.

ఇక్కడ ఒక చిన్న విషయం. మబ్బులో గాల్లో ఒకచోట ఆగి ఆలోచించుకుందాం అంటే కుదరదు. ప్రతి మోడల్‌కీ ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌లో తగ్గకూడని వేగం ఒకటి రాసిపెట్టి ఉంటుంది.

[తెర మీద: షెట్లాండ్ మ్యాప్, సంబర్గ్ తీరం]

ఆ వేగం ఎంత ముఖ్యమో 2013 ఆగస్టు 23న స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల్లో, సంబర్గ్‌లో తెలిసింది. నార్త్ సీలోని చమురు రిగ్గు నుంచి 16 మంది ప్రయాణికులతో వస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్. పైలట్లు ఇద్దరు, ఆటోపైలట్ పనిచేస్తోంది, కింద మబ్బు. ఆటోపైలట్‌కి దిగే రేటు ఎంతో చెప్పారు. కలెక్టివ్ మాత్రం కెప్టెన్ చేతిలోనే ఉంది, దాంతో ఇచ్చిన పవర్ సరిపోలేదు. చెప్పిన రేటు దాటకుండా ఉండాలంటే ఆటోపైలట్‌కి ఉన్న దారి ఒక్కటే: ముక్కు పైకెత్తడం. ముక్కు లేచేకొద్దీ వేగం పడిపోయింది. 80 నాట్లు ఉండాల్సింది 30 కన్నా కిందకి జారింది. సముద్రంలో కూలింది, నలుగురు ప్రయాణికులు చనిపోయారు. ఆ స్పీడ్ మీటర్ ఇద్దరి ముందూ ఉంది. చివరి దశలో మీటర్ల మీద సరైన నిఘా లేదనీ, ఆ అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు వెళ్లే చివరి దశ) ఎలా నడపాలో ఇద్దరికీ ఒకే స్పష్టత లేదనీ బ్రిటన్ దర్యాప్తు సంస్థ రాసింది. కలెక్టివ్‌ని కూడా ఆటోపైలటే చూసుకునే నాలుగు యాక్సిస్‌ల మోడ్‌లో ఉంటే వేగం అలా జారేది కాదు.

మనకి బాగా తెలిసిన సంఘటన 2009 సెప్టెంబర్ 2. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430లోనూ పైలట్లు ఇద్దరే. నల్లమల మీద వానమబ్బుల్లోకి వెళ్తుండగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక వచ్చింది. దాని సంగతేంటో వెతకడంలోనే దాదాపు 6 నిమిషాలు ఇద్దరూ మునిగిపోయారని దర్యాప్తు కమిటీ చెప్పింది. ఆ తర్వాత బలమైన కిందిగాలి హెలికాప్టర్‌ని లాగేసింది. ఒకరు హెచ్చరిక సంగతి వెతుకుతూ సూచనల పుస్తకం తిరగేస్తుంటే రెండోవారు తలెత్తకుండా నడపాలి, దారి చూడాలి. ఒకరు నడపడం, ఒకరు కనిపెట్టుకుని ఉండటం అన్న పద్ధతి పుట్టిందే ఇందుకు. వేగం తగ్గితే "స్పీడ్!" అని గట్టిగా అనడం జూనియర్‌కి కూడా డ్యూటీయే, సీనియర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కడ పనికిరాదు.

అయితే అందరూ ఇద్దర్నే ఎందుకు పెట్టరు? జీతం ఒక కారణం. నాకు కనిపించే పెద్ద కారణం బరువు. చిన్న హెలికాప్టర్‌లో రెండో పైలట్ ఎక్కితే ఆ మేరకు ఇంధనమో, ఒక సీటో, ఒక నర్సో దిగాలి. కానీ మబ్బుల్లో వెళ్లేటప్పుడే ఇంధనం ఎక్కువ కావాలి. గమ్యం మూసుకుపోతే ఇంకో ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి, ఆపైన మరో 30 నిమిషాలు ఎగరగలిగేంత ఉండాలన్నది అమెరికా నిబంధన. అందుకే అక్కడి ఎయిర్ అంబులెన్సులు ఎక్కువగా ఒక్క పైలట్‌తో, నార్త్ సీ రిగ్గులకి వెళ్లే పెద్ద హెలికాప్టర్లు ఇద్దరితో ఎగురుతాయి. నన్ను ఎక్కమంటే ఇద్దరు పైలట్లు, నాలుగు యాక్సిస్‌ల ఆటోపైలట్ ఉన్నదే ఎక్కుతాను. రెండింట్లో ఒకటే దొరుకుతుందంటే మాత్రం, ఆ ఇద్దరూ కలిసి సిమ్యులేటర్‌లో ఎంత సాధన చేశారో అడిగాకే చెబుతాను.