నిదానం అని రాసిన అట్టముక్క

శ్రోతలకు నమస్కారం.

ఈ ప్రసంగం రాసుకున్న కాగితం పైన పెద్ద అక్షరాలతో ఒక మాట రాసుకున్నాను. 'నిదానం'. ఇష్టమైన విషయం వస్తే నేను గబగబా మాట్లాడేస్తానని నా స్నేహితురాలు చెప్పింది. ఆమె చెప్పినప్పటి నుంచి ఇలా రాసుకోవడం అలవాటైంది. ఈ ఉపాయం రెండు వందల ఏళ్ల నాటిది. ఎవరిదో చెబుతాను.

జీవితంలో లక్ష్యం పెట్టుకోవడం గురించి మాట్లాడుకుందాం. లక్ష్యం అనగానే మనకు పెద్ద మాటలు వస్తాయి. గొప్పగా బతకాలి, నలుగురికీ పనికిరావాలి. ఈ కోరికల్లో తప్పేమీ లేదు. కాకపోతే, రేపు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో అవి చెప్పవు. ఉన్న కాస్త సమయంలో నేను సూత్రాలు చెప్పను. ఒక మనిషి కథ చెబుతాను.

ఆ మనిషి శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే. 1791లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి కమ్మరి. బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కాసిని లెక్కలు, అంతే. 14 ఏళ్లకు లండన్‌లో ఒక పుస్తకాల బైండరు దగ్గర పనికి చేరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుడుతూ, చదువుతూ పెరిగాడు. ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద వ్యాసం కంటపడింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ మామూలు పాఠకుల కోసం రాసిన రసాయన శాస్త్రం పుస్తకం చేతికొచ్చింది. పెద్ద శాస్త్రవేత్త అయ్యాక కూడా ఆమెను తన మొదటి గురువుగా చెప్పుకున్నాడు. కృతజ్ఞతగా తన పరిశోధన పత్రాలు ఆమెకు పంపేవాడు.

కొన్నాళ్లకు సాయంత్రం పూట సైన్సు ఉపన్యాసాలకు వెళ్లడం మొదలుపెట్టాడు. వాటి రుసుము అన్నయ్య ఇచ్చేవాడు. అక్కడ చూసిన పరికరాల బొమ్మలు గీసుకోవాలని ఉండేది, గీయడం రాదు. ఆ బైండరు ఇంట్లోనే ఒక ఫ్రెంచి చిత్రకారుడు అద్దెకు ఉండేవాడు. ఫారడే ఆయన్ను అడిగి, దూరాలూ లోతులూ కాగితం మీద ఎలా చూపించాలో నేర్చుకున్నాడు. బదులుగా ఆయన గది దుమ్ము దులిపేవాడు, బూట్లకు పాలిష్ పెట్టేవాడు. చిన్న సంగతే, కానీ నాకు ఎంతో ఇష్టం. 'నాకు స్ఫూర్తినివ్వండి' అని అతను ఎవరినీ అడగలేదు. నాకు ఇది రాదు, మీకు వచ్చు, నేర్పుతారా అని అడిగాడు.

1812లో, షాపుకు వచ్చే ఒకాయన, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాశాడు, బొమ్మలు గీశాడు, తనకు వచ్చిన పనితో దాన్ని పుస్తకంగా కుట్టి డేవీకి పంపాడు. 1813 మార్చిలో డేవీ అతన్ని ల్యాబులో సహాయకుడిగా తీసుకున్నాడు.

ఈ కథను చాలామంది ఇంతవరకే చెబుతారు. పేద కుర్రాడికి అవకాశం దొరికింది, గొప్పవాడయ్యాడు అంటారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి.

ఉద్యోగం వచ్చింది గానీ, మాట తీరులో, ఉచ్చారణలో, వాక్య నిర్మాణంలో లోపాలున్నాయని అతనికి తెలుసు. తనలాంటి అరడజను మంది మిత్రులతో కలిసి వారానికొక సాయంత్రం కూర్చునేవాడు. ఒకరు చదివితే మిగతావాళ్లు తప్పులు చెప్పాలి. మొహమాటాలు లేవు. మెగ్రాత్ అనే స్నేహితుడైతే బుధవారం సాయంత్రాలు రెండు గంటల సేపు ఫారడే గదికి వచ్చి, అతను చదువుతుంటే విని, మాట సరిదిద్దేవాడట. ఎన్నాళ్లు? ఏడేళ్లు. బుధవారం, రెండు గంటలు, ఏడేళ్లు. ఫారడే గురించి చదివిన ప్రతిసారీ నాకు ముందు ఆ స్నేహితుడే గుర్తొస్తాడు. తప్పు చెప్పే ఓపిక ఒకరికి, వినే ఓపిక ఇంకొకరికి. రెండూ ఉంటే గానీ ఏడేళ్లు సాగదు.

అన్నట్టు, మొదట్లో చెప్పిన 'నిదానం' ఉపాయం కూడా ఫారడేదే. ఉపన్యాసం మధ్యలో వేగం పెరిగిపోతుందని, 'నిదానం' అని రాసిన అట్టముక్కను కళ్ల ముందు పెట్టించుకునేవాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. వెనకటి బైండింగు కుర్రాడు, తర్వాతి కాలంలో లండన్ జనం ఎగబడి వినే వక్త అయ్యాడు.

ఇప్పుడు లక్ష్యం సంగతి. 1821లో ఫారడే, కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసి చూపించాడు. మరుసటి ఏడు తన నోటుబుక్కులో ఒక చిన్న మాట రాసుకున్నాడు. అయస్కాంత శక్తిని విద్యుత్తుగా మార్చాలి. అంతే, ఒక్క వాక్యం. అది సాధించింది 1831 ఆగస్టు 29న. తొమ్మిదేళ్లు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు ప్రయత్నించాడు, కుదరలేదు, వేరే పనుల్లో పడ్డాడు, మళ్లీ ఆ వాక్యం దగ్గరికే వచ్చాడు. ఇవాళ నీటితోనో బొగ్గుతోనో గాలితోనో కరెంటు తీసే యంత్రాలన్నీ ఆ సూత్రం మీదే తిరుగుతున్నాయి.

ఆ వాక్యం రాసేటప్పటికి అతనికి ముప్పై దాటింది. పద్నాలుగేళ్ల వయసులో ఎవరైనా పిలిచి నీ లక్ష్యం ఏమిటి బాబూ అని అడిగితే ఏం చెప్పగలిగేవాడు? ముందు లక్ష్యం ఉండాలి, తర్వాతే నేర్చుకోవడం అని మనం పిల్లలను తొందరపెడుతుంటాం. మనల్ని మనమూ తొందరపెట్టుకుంటాం. నా లక్ష్యం ఏమిటో నాకే తెలియడం లేదని టెన్షన్ పడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఫారడే విషయంలో నేర్చుకోవడమే ముందు వచ్చింది. మార్సెట్ దగ్గర రసాయన శాస్త్రం, చిత్రకారుడి దగ్గర బొమ్మ, డేవీ దగ్గర ప్రయోగం, మెగ్రాత్ దగ్గర మాట. ఇన్ని నేర్చుకున్నాక, ఇన్నేళ్ల తర్వాత, ఆ ఒక్క వాక్యం పుట్టింది.

అందుకే నేను చెప్పే పని చిన్నది. ఈ వారం ఒక కాగితం మీద మీకు రానిది ఒకటి రాయండి. నిజంగా కావలసింది, ఒక్కటే. పక్కన అది వచ్చిన మనిషి పేరు రాయండి. మీకు తెలిసిన మనిషి, మీరు వెళ్లి మాట్లాడగలిగిన మనిషి అయి ఉండాలి. వెళ్లి 'ఎలా ఉంది' అని అడగకండి. అలా అడిగితే బాగుందనే అంటారు. 'ఎక్కడ తప్పుతున్నాను' అని అడగండి. మొదటిసారి కష్టంగానే ఉంటుంది. నాకూ ఉంది. నా స్నేహితురాలు చెప్పిన మాట ఆ రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. మర్నాడు కాగితం మీద రాసుకున్నాను.

అలా అడగడానికి వయసు అడ్డు కాదు. ఫారడేకు గణితం పెద్దగా రాదు, ఎప్పటికీ రాలేదు. ఆయన ఆలోచనలకు గణిత రూపం ఇస్తున్న యువకుడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. 1857 నవంబరులో ఫారడే అతనికి ఉత్తరం రాశాడు. గణితంతో తేల్చిన ఫలితాలను మా వంటివాళ్లకు అర్థమయ్యేలా మామూలు మాటల్లో కూడా చెప్పడం కుదరదా అని అడిగాడు.

అప్పటికి ఫారడేకు 66 ఏళ్లు. మాక్స్‌వెల్‌కు 26.

సెలవు. నమస్కారం.