పడ్డాయంటారు, పాస్‌బుక్‌లో లేవు: రైతుల ఫోన్-ఇన్

యాంకర్: రైతులకు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే అన్నదాత సుఖీభవ డబ్బుల మీద ఈరోజు ఫోన్లు తీసుకుంటున్నాం. వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన అధికారి మనతో ఉన్నారు. హలో, ఎక్కణ్ణుంచండీ?

కాలర్: అద్దంకి దగ్గర్నుంచండీ. మా ఊళ్లో అందరికీ ఏడేసి వేలు పడ్డాయి. నాకు పైసా లేదు. రైతు సేవా కేంద్రానికెళ్తే, ‘నీకూ పడ్డాయి తాతా’ అంటాడు ఆ కుర్రాడు. బ్యాంకుకెళ్తే పాస్‌బుక్ ప్రింటు కొట్టిచ్చి, ఏం పడలేదంటారు.

అధికారి: ఇద్దరూ నిజమే చెప్తున్నారు పెద్దాయనా. వేరే ఎక్కడన్నా ఖాతా తెరిచారా?

కాలర్: లేదండీ... ఆఁ, ఉపాధి హామీ కూలికని పోస్టాఫీసు ఖాతా ఒకటి తీయించారు, వేలిముద్ర వేయించుకుని. దాని మొహం మళ్లీ చూళ్లేదు నేను.

అధికారి: అందులో చూడండి ముందు. కేంద్రం 2,000, రాష్ట్రం 5,000, ఇవి ఆధార్ నంబరు పట్టుకుని వస్తాయి. ఆధార్‌కి చివరగా ఏ ఖాతాను ముడిపెట్టారో అందులోకే పోతాయి. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర ఉండే లెక్క అది, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అంటారు దాన్ని.

కాలర్: బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఎప్పుడో ఇచ్చాగదండీ!

అధికారి: అది కేవైసీకి, అంటే మీరెవరో బ్యాంకు నిర్ధారించుకోడానికి. సబ్సిడీ డబ్బులు ఈ ఖాతాకే రావాలని ఆధార్ సీడింగ్ ఫారం విడిగా రాసివ్వాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇచ్చాక, ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూడమని మీ మనవడికి చెప్పండి. ఏ బ్యాంకు పేరుంటే డబ్బు అక్కడికే. ఈలోపు పోస్టాఫీసుకెళ్లి వేలిముద్ర వేసి, పడినవి తీసుకోండి.

కాలర్: ఆ కుర్రాణ్ణి నానా మాటలూ అన్నానండీ.

యాంకర్: (నవ్వుతూ) ఈసారి వెళ్లినప్పుడు టీ తాగించండి. కనిగిరి నుంచి ఒకమ్మ ఉన్నారు.

కాలర్: నమస్తే సార్. మా ఆయన పోయిన ఏడాది పోయారు. పొలం ఆయన పేరు మీదే ఉంది. ఒక విడత పడింది, తర్వాత ఆగిపోయింది. 2019 తర్వాత పేరు మారితే ఇవ్వరంటున్నారు, నిజమేనా?

అధికారి: సగం నిజమమ్మా. పీఎం కిసాన్‌కి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్నది షరతు. అయితే యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి మ్యుటేషన్‌కి, అంటే భూమి రికార్డులో పేరు మార్పుకి అర్జీ ఇవ్వండి. 1బి అనే భూమి రికార్డులో మీ పేరెక్కాక కొత్తగా దరఖాస్తు చేసి, ఈ-కేవైసీ చేయించుకోండి. ఆయన పోయాక పడిన విడత మాత్రం కదపొద్దు, వెనక్కి కట్టమంటారు.

కాలర్: వాట్సాప్‌లో పీఎం కిసాన్ లిస్టని ఏదో ఫైలు వచ్చింది, నొక్కనా?

అధికారి: వద్దు వద్దు! ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు అయితే లోపల దూరి ఖాతా ఊడ్చేస్తుంది. అనుమానముంటే పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261కి చేయండి.

యాంకర్: టైమైపోతోంది, ఒక్క కాల్. చీమకుర్తి, త్వరగా చెప్పండి.

కాలర్: అయిదెకరాలు కౌలుకి చేస్తున్నా అన్నా. శనగ. డబ్బులు ఆసామికి పడుతున్నాయి, పెట్టుబడి నాది.

అధికారి: పీఎం కిసాన్ కౌలుదారుకి లేదు, అది భూమి ఎవరి పేరునుంటే వాళ్లదే. నాకూ సబబనిపించదు గానీ రూలు అది. రాష్ట్రం ఇచ్చేదానికి సీసీఆర్‌సీ కార్డు, అంటే కౌలు రైతుకిచ్చే పంట సాగు హక్కు పత్రం కావాలి.

కాలర్: ఆయన సంతకం పెట్టనంటాడు. కార్డిస్తే పొలం నాదైపోద్దని భయం.

అధికారి: 2019 చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకే. పంట మీద హక్కు తప్ప భూమి మీద ఏ హక్కూ రాదు. మీరు చెప్తే వినకపోతే వీఆర్వోని తోడు తీసుకెళ్లి ఆయన ముందే చెప్పించండి. కార్డు రాగానే ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంట నమోదులో మీ పేరుతో శనగ ఎక్కించుకోండి, అది మర్చిపోతే కార్డున్నా పనవ్వదు.