పదకొండు శాలువాలు, ఒక డీజిలు ఆటో

హోస్ట్: రికార్డింగ్ మొదలైంది మాస్టారూ. ఆ బీరువా తలుపు అలాగే తెరిచి ఉంచండి, నేను చూసింది వినేవాళ్ళకి చెప్పాలి.

మాస్టారు: ఏందమ్మా, వచ్చీ రాగానే నా బీరువా మీద పడ్డావు!

హోస్ట్: (నవ్వు) అందరికీ నమస్తే అండీ. ఇవాళ గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీది గదిలో కూర్చున్నాం. నా ఎదురుగా ఉన్నాయన ప్రభుత్వ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళ పైన పీఈటీగా, అంటే ఆటలు నేర్పే మేష్టారుగా చేసి పోయినేడాదే రిటైరయ్యారు. పేరు చెప్పొద్దన్నారు. మా ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచింది లేదు, మాస్టారు అంటే ఆయనే. ఎనిమిది నుంచి పది దాకా ఆయన దగ్గర చదివాను. చదివాను అనకూడదేమో, పరిగెత్తాను. సరే, ఈ బీరువాలో కింది అర నిండా శాలువాలే. ఎన్ని మాస్టారూ?

మాస్టారు: పదకొండు. ఇంకోటి మా ఇంటావిడ మిక్సీ మీద కప్పింది.

హోస్ట్: అన్నీ సన్మానాలవేనా?

మాస్టారు: అంతే. సెప్టెంబరు 5 వచ్చిందంటే ఒక శాలువా, ఒక దండ, ఒక జ్ఞాపిక. ఇచ్చినోళ్ళ మనసు మంచిదే, నేను కాదనను. కానీ నువ్వే చెప్పు, గుంటూరులో శాలువా కప్పుకునేంత చలి ఏడాదికి పది రోజులన్నా ఉంటదా?

హోస్ట్: మరి దాని బదులు ఏమిచ్చుంటే బావుండేది?

మాస్టారు: ఆటో. సొంతానికి కాదమ్మా. జోనల్ మీటు, అదే చుట్టుపక్కల బడుల ఆటల పోటీ, ఆ రోజు పొద్దున ఏడింటికి బడి గేటు ముందు ఒక ఆటో నిలబడి ఉంటే చాలు. ముప్పై ఏళ్ళు నేను తల పట్టుకుంది దాని గురించే.

హోస్ట్: వినేవాళ్ళలో అందరికీ తెలియకపోవచ్చు, బడి ఆటలు ఎలా నడుస్తాయో కొంచెం చెప్పండి.

మాస్టారు: స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు ఉంటాయి. అండర్-14, అండర్-17, అండర్-19. ముందు మండలం, ఆ పైన డివిజనో జోనో, ఆ తర్వాత జిల్లా, రాష్ట్రం, జాతీయం. రాష్ట్ర జట్టులో పడ్డ పిల్లని ఎవరో ఒకళ్ళు పట్టించుకుంటారు, పేపర్లో ఫోటో వచ్చుద్ది, ఎమ్మెల్యే గారు పిలిచి మాట్లాడతారు. కింది మెట్లకే దిక్కు లేదు. పన్నెండు మంది ఖోఖో పిల్లల్ని పొన్నూరో తెనాలో తీసుకుపోవాలి, మధ్యాహ్నం అన్నం పెట్టాలి, చీకటి పడకముందు ఎవరింటికి వాళ్ళని చేర్చాలి. ఆ ఖర్చంతా పీఈటీ జేబులోంచే.

హోస్ట్: గ్రాంటు వస్తుంది కదా?

మాస్టారు: వచ్చుద్ది. సమగ్ర శిక్ష కింద హైస్కూలుకి ఆటల సామాన్లకని ఏడాదికి 25,000 దాకా ఉంటది. అది సామాన్ల డబ్బు. బంతులు కొను, నెట్లు కొను. ఆటోవాడికి డీజిలు పోయించటానికి దాంట్లో పద్దు లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో కూడా బడికి ఆటస్థలం ఉండాలని, ఆట వస్తువులు ఇవ్వాలని రాశారు. ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకి పార్ట్‌టైముగా అయినా ఒకరుండాలని కూడా ఉంది. రాసినోళ్ళు బానే రాశారమ్మా. చట్టంలో అరటిపండు లేదు, అంతే.

హోస్ట్: అరటిపండు అంటే గుర్తొచ్చింది. ఆ పుస్తకం ఉందా ఇంకా?

మాస్టారు: ఉండకేం. ఇదిగో.

హోస్ట్: ఇది చెప్పాలి. పొడుగు నోటుపుస్తకం, అట్ట ఊడిపోతే కాకీ కాగితం వేసి కుట్టారు. పైన "ఆటల జమ" అని ఉంది. ఒక పేజీ చదువుతానండీ. "కిరాణా కొట్టు, రెండు డజన్ల అరటిపళ్ళు. మిర్చి యార్డు గుమస్తా, 200. టైలరు, పన్నెండు నిక్కర్లు, గుడ్డ మనది, కుట్టుకూలి తీసుకోలేదు. డీజిలు ఆటో, డీజిలు వరకే." దీనికింద ఎర్ర ఇంకుతో "టైలరుకి మళ్ళీ చెప్పాలి, 7 నంబరు తిరగబడింది" అని ఉంది!

మాస్టారు: (నవ్వు) టీషర్టుల వెనక నంబర్లు ఉండాల. పాత బెడ్‌షీట్లు కత్తిరించి అంకెలు కుట్టాడు. 7 తిరగేసి కుడితే అక్కడ స్కోరు రాసేవాడు నా వంక చూశాడు. కానీ ఆ టైలరు తొమ్మిదేళ్ళు కుట్టాడమ్మా. ఒక్క సన్మానానికీ ఎవరూ అతన్ని పిలవలేదు, అతను రానూ లేదు.

హోస్ట్: ఊళ్ళో డబ్బు లేక కాదు గదా మాస్టారూ ఇదంతా.

మాస్టారు: డబ్బా! సంక్రాంతికి మా వైపు బండలాగుడు పోటీలు చూశావు గదా. ఒంగోలు గిత్తలకి రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళది, సీనియర్లది. నోరు తెరిచి పళ్ళు చూసి మరీ విభాగం కడతారు. మా పిల్లలకి బోనఫైడ్ సర్టిఫికెట్లో వయసు చూసి అండర్-14 కట్టినట్టే. గిత్తకి ఉలవలు ఉడకబెడతారు, నూనె పట్టిస్తారు, లారీలో కింద గడ్డి పరిచి తీసుకుపోతారు. నాకు గిత్తల మీద కోపం లేదు, నేనూ ముందు వరసలో కూర్చుని చూసేవాణ్ణే. ఆ గిత్తని పట్టుకొచ్చిన రైతు కూతురు మాత్రం నా జట్టులో చెప్పుల్లేకుండా ఆడేది. ఆయనకి తెలవదు. ఎవరన్నా చెబితే గదా తెలిసేది!

హోస్ట్: మీరు చెప్పారా?

మాస్టారు: చెప్పటానికి మూడేళ్ళు పట్టింది. అడగటం సిగ్గు అనుకునేవాణ్ణి. మేష్టారు చెయ్యి చాపకూడదని మా నాన్న అంటుండేవాడు. ఒకరోజు పోయి, "మీ అమ్మాయి కాలు చూశారా" అన్నా. మర్నాడే పన్నెండు జతల బూట్లు వచ్చినయ్యి. ఆయన కూతురికొక్కదానికే కాదు, జట్టు మొత్తానికి. చెప్పకపోవటం నా తప్పు.

హోస్ట్: మా జట్టు సంగతి చెప్పండి. మేం మొదట్లో ఓడిపోయేవాళ్ళం.

మాస్టారు: ఘోరంగా. ఎందుకో తెలుసా? మీకు పరుగు రాక కాదు, నోరు రాక.

హోస్ట్: ఖో అనటానికి సిగ్గు.

మాస్టారు: ఖోఖోలో ఎనిమిది మంది గడుల్లో కూర్చుంటారు, ఒకరు ఇటు మొహం, ఒకరు అటు మొహం. తొమ్మిదోది తరుముద్ది. కూర్చున్నదానికి వెనక నుంచి తట్టి, గట్టిగా "ఖో" అనాల. అది వినపడకపోతే ఫౌలు. మీరు ఏమో చెవిలో రహస్యం చెప్పినట్టు అనేవాళ్ళు. ఆడపిల్ల అరవకూడదని ఇళ్ళల్లో చెప్పి చెప్పి గొంతు పెగల్లేదు. నేను ఏం చేశానో గుర్తుందా?

హోస్ట్: గుర్తులేకేం! గ్రౌండు ఈ చివర స్తంభం దగ్గర మమ్మల్ని నిలబెట్టి, మీరు ఆ చివర రోడ్డు మీద కిళ్ళీ కొట్టు దగ్గర కూర్చున్నారు. అక్కడికి వినపడేదాకా ఇంటికి పంపలేదు. ఊరంతా విన్నారు. మా అమ్మ పరుగెత్తుకొచ్చింది ఏమైందోనని.

మాస్టారు: అదే నాకు కావాల్సింది. మీ అమ్మ వచ్చింది, ఇంకో నలుగురు తల్లులు వచ్చారు. వచ్చినోళ్ళు కాసేపు నిలబడి చూశారు. మర్నాడు మీ అమ్మే మజ్జిగ బిందె తెచ్చింది. ఉప్పు కాస్త ఎక్కువైందనుకో...

హోస్ట్: మాస్టారూ!

మాస్టారు: ...కానీ ఆ బిందె వచ్చినాక పదోతరగతి పిల్లల్ని ఆటకి పంపనన్న ఇల్లు లేదు. తండ్రుల్ని ఒప్పించే పని నాకు తప్పింది.

హోస్ట్: 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. ఆ రోజు మీ బడిలో?

మాస్టారు: ముగ్గులు, తాడులాగుడు. తల్లులకి తాడు ఇచ్చి చూడాల, ఏం పట్టు పట్టారు! నాకు ముచ్చటేసింది. అయితే ఆ రోజు వచ్చిన జనం నెలకొకసారి సాయంత్రం ఐదింటికి వస్తే ఇంకా బావుండేది. స్కూల్ కమిటీలో నూటికి డెబ్బై ఐదు మంది తల్లిదండ్రులే ఉండాలని అదే విద్యాహక్కు చట్టంలో ఉంది, సగం మంది ఆడవాళ్ళు. ఆ మీటింగుల్లో అన్నం గురించి, మరుగుదొడ్ల గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. గ్రౌండు గురించి ఒక్క తీర్మానం రాయించటానికి నేను సైకిలేసుకుని ఇళ్ళ చుట్టూ తిరిగా.

హోస్ట్: గ్రౌండంటే ఆ కంకర కథ చెప్పండి. బడి పేరు వద్దు.

మాస్టారు: పేరు చెప్పను. మన నేల నల్లరేగడి గదా. వాన పడిందంటే కాలు పెడితే చెప్పు అక్కడే ఉంటది, మనిషి ముందుకొస్తాడు. వారం దాకా ఆరదు. సెలక్షన్లు చూస్తే సరిగ్గా ఆగస్టు, సెప్టెంబరు వానల్లోనే. అందుకని ఎర్రమట్టి తోలించాలనుకున్నాం. ఒక పెద్దమనిషి, మంచోడే, "మీకెందుకు మాస్టారూ, నేను చూసుకుంటా" అన్నాడు. దసరా సెలవులకి మా అత్తగారి ఊరెళ్ళి వచ్చేసరికి గ్రౌండంతా కంకర! రోడ్డు పనిలో మిగిలింది తోలించాడు. పైన ఆయన పేరుతో బోర్డు. కబడ్డీలో పిల్లాడు పడితే మోకాలు లేచిపోయింది.

హోస్ట్: ఏం చేశారు?

మాస్టారు: ఏం చేస్తా, బోర్డు అట్టే ఉంచి కంకర ఏరాం. మూడు వారాలు. నలుగురు రైతులు బ్లేడు ట్రాక్టర్లు తెచ్చారు, చెరువుగట్టు అవతల నుంచి ఎర్రమట్టి తోలారు. ఆయనే, ఆ కంకర తోలిన పెద్దమనిషే, చివరి నాలుగు ట్రిప్పులకి డీజిలు పోయించాడు. మనిషి మంచోడని అన్నా గదా. ఏం కావాలో అడక్కుండా ఇచ్చాడు, అంతే. ఇంకోచోట ఇనప జిమ్ము సామాను పెట్టారు, తుప్పు పట్టి పోయింది. ఎలక్షన్లప్పుడు ఒకాయన టీషర్టులిచ్చాడు, గుండె మీద ఆయన బొమ్మ. అవి తిరగేసి తొడిగించి ఆడించా. ఎండకి బొమ్మ వెనక నుంచి కూడా కనపడేది!

హోస్ట్: (నవ్వు) ఇక ఆట కాకుండా టీచర్ల సంగతి. బడికి ఊరు చేయగలిగింది ఇంకేముంది?

మాస్టారు: పీఈటీకి అసెంబ్లీ, బెల్లు, డిసిప్లిన్, ఎవరైనా సెలవు పెడితే ఆ పీరియడు, అన్నీ ఉంటాయి. దానికి తోడు ఫోన్లో యాప్‌లు. ఆ మధ్య మరుగుదొడ్ల ఫోటోలు కూడా తీసి ఎక్కించాం. పోటీల ఎంట్రీలకి పిల్లల పుట్టినతేదీ, ఆధార్, ఫోటో అన్నీ కొట్టాలి. నా చేతికి విజిల్ అలవాటు గానీ కీబోర్డు కాదు. పాత విద్యార్థి ఒకడు, ఇంజనీరింగు చదివి ఖాళీగా ఉన్నాడు ఆ ఏడు, రోజూ సాయంత్రం వచ్చి మొత్తం టైపు చేసి పెట్టాడు. గంట పని వాడిది, నాకు గ్రౌండులో గంట మిగిలింది. ఆ గంటలో ఒక పిల్ల పరుగు చూస్తే చాలు. జ్యోతి యర్రాజి సంగతి తెలుసుగా? విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు. బడిలో పీఈటీయే ఆ పిల్ల పొడుగు చూసి, హర్డిల్స్‌కి పనికొచ్చుద్దన్నారు. 2024 పారిస్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది, ఒలింపిక్స్‌లో ఆ పరుగుకి మన దేశం నుంచి వెళ్ళిన మొదటి ఆడపిల్ల. ఆ మేష్టారు ఆ రోజు ఆఫీసు రూములో ఏదో ఫారం నింపుకుంటూ కూర్చుంటే?

హోస్ట్: మన ఖోఖోలో కూడా...

మాస్టారు: 2025 జనవరిలో మొదటి ఖోఖో ప్రపంచకప్పు ఢిల్లీలో. మగపిల్లలూ ఆడపిల్లలూ రెండు కప్పులూ మనవే. మగవాళ్ళ జట్టులో మన ప్రకాశం జిల్లా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి. టీవీలో చూస్తుంటే మా ఇంటావిడ, "ఏందండీ, మీరే ఆడినట్టు చెమటలు" అంది. వాళ్ళు మ్యాటు మీద ఆడతారు. మన పిల్లలు మట్టిలో నేర్చుకుని జిల్లాకి పోతే మ్యాటు మీద బూటు జారుద్ది. అక్కడే సగం ఆట పోయినట్టు. ఒక్క మ్యాటు నాలుగు బడులు కలిసి కొనుక్కుంటే వంతులవారీగా వాడుకోవచ్చు. అది ఇంకా కాలేదు. నేనుండగా కాలేదు.

హోస్ట్: రిటైర్మెంటు రోజు పాత విద్యార్థులు ఉంగరం చేయిస్తామన్నారు. వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. మీరు వద్దన్నారు.

మాస్టారు: ఉంగరం పెట్టుకుని ఎవరికి చూపించను? ఆ డబ్బుతో వాలీబాల్ నెట్లు మూడు, ఖోఖో స్తంభాలు రెండు జతలు చేయించా. అదిగో, మంచం కింద.

హోస్ట్: ఇవి రిటైరయినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాయా?

మాస్టారు: ఏం చేయను, స్కూటరు మీద పట్టవు. ఆటో మాట్లాడదామంటే స్తంభాలు బయటికి పొడుచుకొస్తాయి, పోలీసోడు ఆపుతాడని రానంటున్నారు. రెండు బడులకి చేర్చాల. ఒకటి చేబ్రోలు దారిలో, ఒకటి ప్రత్తిపాడు వైపు. అవునమ్మా, నువ్వు విజయవాడ నుంచి దేంట్లో వచ్చావు? స్కూటీయా?

హోస్ట్: కారు మాస్టారూ.

మాస్టారు: వెనక సీటు మడత పడుద్దా?

హోస్ట్: పడుద్ది... పడుతుంది. ఇప్పుడేనా? రికార్డింగ్ ఇంకా అవుతోంది.

మాస్టారు: అది ఆపి, ఆ చివర పట్టుకో. మెట్ల దగ్గర జాగ్రత్త, గోడకి సున్నం కొత్తగా వేయించాం.