కుండ మీద లేసు మూత

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ మధ్య ఫోన్లలో ఒక రకం ఫొటోలు తెగ తిరుగుతున్నాయి. మీరూ చూసే ఉంటారు. కిటికీ బయట మంచు. లోపల గోడలో మండుతున్న పొయ్యి. సోఫాలో ఒకావిడ కాళ్ల మీద లావుపాటి ఊలు దుప్పటి కప్పుకుని, ఒళ్లో ఊలు ఉండ పెట్టుకుని కొక్కెం సూదితో క్రోషా అల్లుకుంటూ ఉంటుంది. పక్కన పొగలు కక్కే కప్పు. హాయి అంటే ఇదీ అని కింద రాస్తారు. వాళ్లకి అది హాయే. కానీ మన బెజవాడలో మార్చి నెల మధ్యాహ్నం పూట ఆ ఫొటో చూస్తే, హాయి మాట దేవుడెరుగు, చూస్తుండగానే చెమట పడుతుంది.

మనకు హాయి అంటే చల్లదనం. భోజనాలయ్యాక పడమటి కిటికీలు మూసేసి, గచ్చు మీద తడిగుడ్డ పెట్టి, ఫ్యాను కింద చాప పరుచుకుని నడుం వాల్చడం. వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకున్న రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. మట్టికుండలోంచి ఒక గ్లాసు నీళ్లు. సాయంత్రానికి మూర మల్లెపూలు. అందుకని ఇవాళ నేను చెప్పబోయే క్రోషా కూడా ఊలుతో అల్లేది కాదు. నూలు దారంతో అల్లేది. నీళ్ల కుండ మీద వేసేది. దాని దగ్గరికి వెళ్లేలోపు కాసేపు పూల సంగతి చెప్పనివ్వండి.

బెజవాడలో వసంతం కాలవగట్ల మీద వస్తుంది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, మూడూ ఊళ్లోంచే పోతాయి కదా. గట్ల వెంట, రోడ్ల పక్కన కానుగ చెట్టు ఎక్కడున్నా ఈ రోజుల్లో ఒకసారి కిందికి చూడండి. తెలుపులో కాస్త ఊదా కలిసిన చిన్న చిన్న పూలు రాలి పరుచుకుని ఉంటాయి. బండి సీటు మీద పడితే దులిపేసుకుని పోతాం తప్ప వాటిని పూల లెక్కలో వెయ్యం. వేపపూతకు జరిగేది ఇంకా అన్యాయం. ఉగాది పొద్దున మాత్రం దాని కోసం సందు సందూ వెతుకుతాం. మర్నాటి నుంచి అదే పూతను చెత్తతో కలిపి ఊడ్చేస్తాం. నా మాట విని, పచ్చడికి తెచ్చుకున్న పూత కొంచెం మిగిల్చి నీడన ఆరబెట్టుకోండి. వేసవిలో నోరు చప్పగా ఉన్నప్పుడు నేతిలో వేయించి చారులో వేసుకుంటే తెలుస్తుంది దాని విలువ.

ఇక మల్లెలు. మైలవరం వైపు తోటల నుంచి మన మార్కెట్టుకు మల్లెలు వస్తాయని మీకు తెలుసు. సీజన్ మొదట్లో మూర ధర వింటే గుండె గుభేలుమంటుంది. అపార్ట్‌మెంటు బాల్కనీలో తొట్టి ఉన్నవాళ్లు చలికాలంలోనే కొమ్మలు కత్తిరించి ఉంటే ఇప్పుడు మొగ్గలు వేసే సమయం. కత్తిరించకపోతే ఆకులే చూసుకోవాలి. మల్లెకు కత్తెర అంటే ఇష్టం. ఎంత కత్తిరిస్తే అన్ని కొత్త చిగుళ్లు, చిగురు చివరే కదా మొగ్గ.

మీలో మాల కట్టడం వచ్చినవాళ్లు ఎంతమంది? చేయి పైకెత్తినా నాకు కనబడదనుకోండి. తడిపిన అరటినార వేలికి చుట్టి, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి, ఒక ఉచ్చు తిప్పి లాగుతారే, ఆ ఉచ్చు వెయ్యడం వచ్చిన చేతికి క్రోషా సగం వచ్చినట్టే. క్రోషాలోనూ ఉన్నది అదే. ఒక ఉచ్చు, అందులోంచి ఇంకో ఉచ్చు. మాలలో వేలు చేసే పని ఇక్కడ కొక్కెం సూది చేస్తుంది. అంతే తేడా. నాకు రాదు, నా చేతులు మొరటు అనేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. ఒక ఉచ్చు, అందులోంచి ఇంకో ఉచ్చు.

నాకిది నేర్పింది మా పెద్దమ్మ. ఆమెది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నరసాపురం లేసు అనే మాట మీరు వినే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఆ ప్రాంతపు ఆడవాళ్లకు ఈ పని నేర్పారు. వాళ్ల చేతుల్లో అది పెద్ద కుటీర పరిశ్రమ అయింది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే జీఐ గుర్తింపు, కూడా వచ్చింది. ఇక్కడ రైలెక్కితే గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం వెళ్లిపోవచ్చు. చరిత్ర ఇంతవరకు చాలు.

పెద్దమ్మ చిన్నప్పుడు వాళ్ల అరుగు మీద మధ్యాహ్నం పూట అందరూ లేసు అల్లేవాళ్లట. ఏజెంటు దారం ఇచ్చిపోయేవాడు. మళ్లీ వచ్చి, అల్లినవి పట్టుకుపోయేవాడు. అక్కడ పనిలో వాటాలు ఉంటాయి. విడివిడిగా పూలు అల్లేదాన్ని చేతిపని అంటారు. ఆ పూలన్నిటినీ కలిపి కుట్టేదాన్ని అతుకుపని అంటారు. చేతిపని ఒక ఊళ్లోవాళ్లు చేస్తే, అతుకుపని ఇంకో ఊళ్లోవాళ్లు చెయ్యొచ్చు. మా పెద్దమ్మది చేతిపని. పెళ్లయ్యేదాకా ఆమె అల్లింది ఒకటే రకం పువ్వు. ఆరు రేకుల పువ్వు. రోజూ అదే. ఆ పూలు ఏమయ్యేవి అని అడిగితే, "టేబులు గుడ్డలయ్యేవంటమ్మా, ఓడెక్కి పోయేవంట" అనేది. అంట, అంట. ఎందుకంటే పూర్తయిన టేబులు గుడ్డను ఆమె ఎప్పుడూ చూడలేదు. తన పువ్వు ఎవరి బల్ల మీద, ఏ మూల కూర్చుందో తెలియదు.

పెళ్లయి బెజవాడ వచ్చింది. సత్యనారాయణపురంలో రెండు గదుల వాటా. పెద్దనాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్తే చీకటిపడ్డాకే రావడం. ఏజెంటు లేడు, అరుగు లేదు, పక్కన కూర్చునే జట్టు లేదు. ట్రంకుపెట్టె అడుగున సూది మాత్రం ఉంది. మొదటి వేసవిలో కుండ కొన్నారు. కుండ మీద కంచం మూత పెడితే, గ్లాసు ముంచిన ప్రతిసారీ ఢాం ఢాం అని చప్పుడు. గుడ్డ కప్పితే ఫ్యాను గాలికి ఎగిరిపోయేది. అప్పుడు వన్‌టౌన్‌లో దారపుండ, గాజుపూసలు కొనుక్కొచ్చి, మూత అల్లింది. నడిమి పువ్వు తనే. చుట్టూ వల తనే. అంచు తనే. చివర పూసలు తనే. "మొదలూ తుదీ నా చేతిలోనే ఉన్నదే, అదే నాకు మొదటిది" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దమ్మ గొంతులో కొంచెం గర్వం ఉండేది. ఉండాలి కూడా.

ఆ మూతను ఆవిడ అద్దాల బీరువాలో పెట్టలేదు. వాడింది. మా వాళ్లలో చాలామంది చేసే పని ఏమిటంటే, బాగా కుదిరినదాన్ని లోపల దాచేసి, వంకర పోయినదాన్ని వాడుకుంటారు. చుట్టాలొస్తే దాచినదాన్ని తీసి చూపిస్తారు. మళ్లీ దాచేస్తారు. నాకిది నచ్చదు. రోజుకు ఇరవైసార్లు మంచినీళ్ల కోసం చెయ్యి వెళ్లే చోట, ఆ చేతికి తగిలేది మన చేత్తో అల్లినదై ఉంటే కలిగే సంతోషం షోకేసులోని దానికి రాదు. ఇది నా అభిప్రాయం, మీరు కాదనవచ్చు.

సరే, అల్లకం దగ్గరికి వద్దాం. ఈ ప్రసంగంలో మీరు ఒక్కటి పట్టుకుపోవాలంటే ఇదే పట్టుకుపోండి. జగ్గు మీదకో చెంబు మీదకో ఒక చిన్న మూత. తెల్ల నూలు దారం, పది నంబరుది. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, గుర్తుంచుకోండి. ఇరవై, నలభై నంబర్ల జోలికి మొదట్లోనే వెళ్లకండి, కళ్లు లాగుతాయి. సన్నటి స్టీలు సూది. వన్‌టౌన్‌లో గానీ, బీసెంట్ రోడ్డు పక్క సందుల్లో గానీ, గుంటూరువాళ్లయితే పట్నంబజారులో గానీ, టైలరింగ్ సామాన్ల షాపులో అడిగి చూడండి.

ఆరు గొలుసు కుట్లు వేసి గుండ్రంగా కలపండి. గొలుసు కుట్టంటే ఇందాక చెప్పినదే, ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగడం. ఆ గుండ్రంలో పన్నెండు పొడుగు కుట్లు వెయ్యండి. పొడుగు కుట్టంటే సూది మీద దారం ఒకసారి చుట్టి వేసేది. ఇప్పుడు అసలు కిటుకు. రెండో వరసకు ఇరవై నాలుగు. మూడో వరసకు ముప్పై ఆరు. ప్రతి వరసకూ పన్నెండు పెరగాలి. మళ్లీ చెబుతున్నాను, ప్రతి వరసకూ పన్నెండు పెరగాలి. పుస్తకం అక్కర్లేదు, వీడియో అక్కర్లేదు, ఈ ఒక్క లెక్క చాలు. ఆ పన్నెండూ ఒకేచోట కాకుండా సమానంగా సర్దుకోండి. అల్లినదాన్ని మధ్యమధ్యలో నేల మీద పరిచి చూసుకోండి. గిన్నెలా లోపలికి ముడుచుకుంటోందా, కుట్లు తక్కువ పడ్డాయి. అంచులు అలలు అలలుగా లేస్తున్నాయా, ఎక్కువ పడ్డాయి. చదునుగా పడుకుందా, మీరు సరిగ్గా వెళ్తున్నారు. పది వరసలకు నూట ఇరవై కుట్లవుతాయి. మామూలు జగ్గుకు అది సరిపోతుంది. కుండ మూతి వెడల్పు కాబట్టి దానికి ఇంకా అల్లాలి, లెక్క మాత్రం అదే.

పూసల దగ్గర చాలామంది చిక్కుకుంటారు. సూది పెట్టి అల్లుతున్న ఉచ్చులోకి పూసను పైనుంచి ఎక్కించడం తేలిక కాదు. అందుకని చివరి వరస మొదలెట్టకముందే దారం తెంపి, పూసలన్నీ దారపుండ వైపు దారానికి ఎక్కించేసుకోవాలి. దారం కొసకు కాస్త గోళ్లరంగు రాసి ఆరనిస్తే గట్టిపడి, సూదిలా పూసలోకి దూరిపోతుంది. ఇది పెద్దమ్మ చిట్కా కాదు, మా కోడలు కనిపెట్టింది. పూసలు ఎక్కించాక మళ్లీ అంచుకు దారం కలిపి, నాలుగు గొలుసులు, ఒక పూసను దగ్గరకు జరపడం, మళ్లీ నాలుగు గొలుసులు, మూడు కుట్లు వదిలి నాలుగోదానికి కలపడం. నూట ఇరవై కుట్లకు ముప్పై పూసలు పడతాయి. పగిలేవీ ఉంటాయి కాబట్టి నాలుగు ఎక్కువ కొనుక్కోండి. గాజుపూసలే కొనండి. ప్లాస్టిక్ పూసలు చూడ్డానికి బాగుంటాయి గానీ బరువుండవు. బరువు లేకపోతే ఫ్యాను వెయ్యగానే మూత ఎగిరిపోతుంది, పూసలు ఉన్నదే దాన్ని పట్టి ఉంచడానికి.

ఒకావిడ నన్ను అడిగారు, ఇదే మూత ఆవకాయ జాడీకి పనికొస్తుందా అండీ అని. పనికిరాదండీ. జాడీకి వాసెన కట్టాల్సిందే, దట్టమైన గుడ్డతో, బిగించి. లేసుకు కన్నాలుంటాయి. అది నీళ్లకు, మజ్జిగకు, ఈగ వాలకుండా, గాలి ఆడేలా. కుండ నీళ్లు చల్లబడేది కూడా, మట్టిలోంచి ఊరిన తడి బయటి గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోవడం వల్లే కదా. అందుకని మూత అంచు కుండ మెడ మీదకు ఒకటి రెండు వేళ్లు దిగితే చాలు. కుండంతా కప్పేలా గౌను కుట్టకండి. అలా కుట్టినవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నాను.

మరి సమయం దగ్గర పడుతోందని అవతల నుంచి సైగ చేస్తున్నారు. ఉతకడం గురించి ఒక్కమాట చెప్పి ముగిస్తాను. ఈ మూతను వాషింగ్ మెషిన్లో వెయ్యొద్దు, పిండొద్దు. సబ్బునీళ్లలో నానబెట్టి, చేత్తో అద్దినట్టు నలిపి, జాడించి, రెండు తువ్వాళ్ల మధ్య పెట్టి తడి తీసెయ్యండి. తర్వాత గంజిలో ముంచి, నేల మీద పరిచి, అంచులు లాగి సర్ది నీడన ఆరనివ్వండి. గంజి మటుకు బాగా పల్చగా ఉండాలి. చిక్కగా పెట్టారో, పొద్దుటికల్లా మూత చుట్టూ చీమలు బారులు తీరతాయి.

ఉంటాను. నమస్కారం.